సంతానలేమి: అలవాట్లలో, ఆరోగ్యంలో భార్యాభర్తలిద్దరూ ఏది ముందు చూసుకోవాలి, ఏది తర్వాత

గర్భనిరోధకాలేవీ వాడకుండా ఏడాది పాటు క్రమం తప్పకుండా కలుస్తున్నా గర్భం రాకపోతే దాన్ని వైద్యులు సంతానలేమి అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన నివేదిక ప్రకారం పెద్దవాళ్లలో సుమారు ప్రతి ఆరుగురిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ ఇబ్బంది పడుతున్నారు.

ఈ సంగతి బయటికి తెలియగానే సలహాలు రెండు వైపుల నుంచి వచ్చిపడతాయి. తిండి, అలవాట్లు మార్చుకుంటే అన్నీ సర్దుకుంటాయని కొందరు, ఆలస్యం చేయకుండా, అండాన్నీ వీర్యకణాన్నీ ల్యాబ్‌లో కలిపి పిండాన్ని గర్భాశయంలో పెట్టే ఐవీఎఫ్‌కి వెళ్లిపొమ్మని ఇంకొందరు. నా ఉద్దేశంలో రెండూ తొందరపాటు మాటలే. మూసుకుపోయిన ట్యూబు (అండాశయం నుంచి గర్భాశయానికి అండం వెళ్లే గొట్టం) రోజూ నడిస్తే తెరుచుకోదు. అలాగని సిగరెట్టు మానకుండా ఐవీఎఫ్‌కి వెళ్తే ఆ ఐవీఎఫ్ ఫలితమే దెబ్బతింటుంది. అలవాట్లతో బాగుపడేది ఏది, బాగుపడనిది ఏది అని ముందు విడదీసుకోవాలి. ఆ పనిలో విలువైన నెలలు కరిగిపోకుండా కూడా చూసుకోవాలి. కింది అడుగుల వరుస అందుకోసమే.

మొదటి అడుగు: ఎంతకాలం ఆగొచ్చో తేల్చుకోండి

అలవాట్ల మార్పు ఫలించడానికి నెలలు పడుతుంది. అన్ని నెలలు మీ చేతిలో ఉన్నాయా లేదా అన్నది ఎక్కువగా భార్య వయసును బట్టి ఉంటుంది. ఆడపిల్ల పుట్టేటప్పటికే ఆమె అండాశయాల్లో 10 నుంచి 20 లక్షల అండాలుంటాయి. ఆ తర్వాత కొత్తవి తయారుకావు. యుక్తవయసు వచ్చేసరికి మూడు నాలుగు లక్షలే మిగులుతాయి. జీవితం మొత్తంలో విడుదలయ్యేవి నాలుగైదు వందలు మాత్రమే, మిగతావి వాటంతటవే క్షీణించిపోతాయి. సంఖ్య కంటే పెద్ద సమస్య నాణ్యత. 35 దాటాక క్రోమోజోమ్ లోపాలున్న అండాలు పెరుగుతూ వస్తాయి. అందుకే గర్భం నిలవడం తగ్గుతుంది, గర్భస్రావాలు పెరుగుతాయి. ఇరవైల్లో నెలకు 20 నుంచి 25 శాతం దాకా ఉండే అవకాశం 40 ఏళ్లకు 5 శాతం దగ్గరికి పడిపోతుంది. ఎంత మంచి తిండి తిన్నా, ఎంత వ్యాయామం చేసినా ఈ లెక్క వెనక్కి తిరగదు.

భార్యకు 35 లోపు ఉండి, నెలసరి సక్రమంగా వస్తుంటే ఏడాది ప్రయత్నించాక పరీక్షలకు వెళ్లొచ్చు. 35 దాటితే ఆరు నెలలకే వెళ్లాలి. 40 దాటితే ప్రయత్నం మొదలుపెట్టేటప్పుడే డాక్టర్‌ని కలవడం మేలు. మగవాళ్లలో వీర్యకణాల తయారీ వయసుతో ఆగిపోదు కానీ, 40లు దాటేకొద్దీ గర్భం రావడానికి ఎక్కువ కాలం పట్టడం, గర్భస్రావాలు పెరగడం కనిపిస్తాయి.

కొందరు వయసుతో నిమిత్తం లేకుండా, ఏడాది గడువు చూడకుండా వెళ్లాలి. నెలసరి నెలల తరబడి రానివాళ్లు, నెలసరి నొప్పితో మంచం పట్టేవాళ్లు, గతంలో కటి భాగంలో ఇన్ఫెక్షన్ గానీ, అపెండిక్స్ పగిలి ఆపరేషన్ గానీ, ట్యూబులో గర్భం గానీ వచ్చినవాళ్లు ఈ కోవలోకి వస్తారు. మగవాళ్లలో చిన్నప్పుడు వృషణాలు కిందికి దిగనివాళ్లు, పెద్దయ్యాక గవదబిళ్లలు వచ్చి వృషణాలు వాచినవాళ్లు, అంగస్తంభన సమస్య ఉన్నవాళ్లు, క్యాన్సర్ చికిత్స తీసుకున్నవాళ్లు కూడా అంతే.

రెండో అడుగు: భర్త పరీక్ష వాయిదా వేయొద్దు

సంతానలేమి ఉన్న జంటల్లో దాదాపు సగం మందిలో మగవాళ్ల వైపు కూడా ఏదో ఒక కారణం కనిపిస్తుంది. అయినా ముందు ఆవిడకే స్కాన్లు, ఇంజెక్షన్లు, ట్యూబు పరీక్షలు అన్నీ అయిపోయి, ఏడాది గడిచాక గానీ ఆయన ల్యాబ్ మెట్లెక్కడు. నిజానికి వీర్య పరీక్ష అన్నిటికంటే తేలికైంది. నొప్పి లేదు, మత్తు అక్కర్లేదు. అందులో ఒక్క కణం కూడా లేదని తేలితే మొత్తం దారే మారిపోతుంది. అందుకే ఇది మొదటి వారంలోనే అయిపోవాలి.

పరీక్షకు ముందు 2 నుంచి 7 రోజులు స్ఖలనం లేకుండా ఉండాలి. మామూలు కండోమ్, జెల్లు, నూనెలు వాడకూడదు. ఇంట్లో సేకరిస్తే శరీర వేడికి దగ్గరగా ఉంచుకుని గంటలోపు ల్యాబ్‌కి చేర్చాలి. కొంత భాగం కింద పడిపోతే ఆ మాట ల్యాబ్‌లో చెప్పాలి, ఎందుకంటే మొదటి చుక్కల్లోనే కణాలు ఎక్కువగా ఉంటాయి.

రిపోర్టులోని అంకెలు చూసి హడలిపోయేవాళ్లు చాలామంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 ప్రమాణాల్లో కనీస విలువలు ఇవి: వీర్యం 1.4 మిల్లీలీటర్లు, మిల్లీలీటరుకు కోటీ 60 లక్షల కణాలు, మొత్తం కదలిక 42 శాతం, ముందుకు ఈదేవి 30 శాతం, సరైన ఆకారంలో ఉన్నవి 4 శాతం. చివరి అంకె చూసి 96 శాతం చెడిపోయాయా అని కంగారుపడక్కర్లేదు, ఆకారం కొలిచే పద్ధతే అంత కఠినం. పైగా ఈ హద్దులు ఏడాదిలోపు తండ్రులైన మగవాళ్ల నుంచి తీసుకున్నవి, వాళ్లలో అట్టడుగు 5 శాతం మంది దగ్గర గీసిన గీత అది. దాని కింద ఉన్నంతమాత్రాన పిల్లలు పుట్టరని తీర్పు కాదు, పైన ఉంటే పుట్టి తీరతారని హామీ కూడా లేదు. ఫలితం తేడాగా వస్తే కొన్ని వారాల తర్వాత మళ్లీ చేయించాలి. మధ్యలో గట్టి జ్వరం వచ్చి ఉంటే దాని ప్రభావం రెండు మూడు నెలలు కనిపిస్తుంది కాబట్టి డాక్టర్‌కి ఆ సంగతి గుర్తుచేయండి.

మూడో అడుగు: రోజులు సరిచూసుకోండి

నెలలో గర్భం వచ్చే రోజులు ఆరే. అండం విడుదలయ్యే రోజు, దానికి ముందున్న ఐదు రోజులు. వీర్యకణాలు స్త్రీ శరీరంలో ఐదు రోజుల వరకూ బతకగలవు. అండం మాత్రం 12 నుంచి 24 గంటలే ఉంటుంది. అందుకే అండం విడుదలయ్యాక మొదలుపెడితే ఆలస్యమైనట్టే. ఆ రోజు, అంతకు ముందు రెండు రోజులు అన్నిటికంటే అనుకూలం.

పద్నాలుగో రోజు అనే లెక్క 28 రోజుల నెలసరికే సరిపోతుంది. తర్వాతి నెలసరికి సుమారు 14 రోజుల ముందు అండం విడుదలవుతుంది కాబట్టి, 35 రోజులకోసారి వచ్చేవాళ్లకు అది 21వ రోజు దగ్గర పడుతుంది. ఆ రోజుల్లో తెల్లబట్ట గుడ్డు తెల్లసొనలా పల్చగా, జారుడుగా సాగుతుంది. మూత్రంతో చూసుకునే ఓవులేషన్ కిట్లు చాలామందికి పనికొస్తాయి కానీ పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండం విడుదల తప్పే సమస్య) ఉన్నవాళ్లలో ఈ కిట్లు కొలిచే ఎల్‌హెచ్ హార్మోన్ మామూలుగానే ఎక్కువగా ఉండి తప్పుడు సూచన ఇవ్వొచ్చు. ఉదయాన్నే ఒంటి వేడి చూసుకునే పద్ధతి అండం విడుదలైపోయాక మాత్రమే ఆ సంగతి చెబుతుంది.

లెక్కలన్నీ తలనొప్పి అనిపిస్తే నెల పొడవునా రెండు మూడు రోజులకోసారి కలిస్తే చాలు. కణాలు పోగవ్వాలని పది రోజులు దూరంగా ఉండటం వల్ల లాభం లేదు, పాతబడిన కణాల కదలిక తగ్గిపోతుంది. కలయిక తర్వాత కాళ్లు పైకెత్తి పడుకోవడం వల్ల ఉపయోగమని రుజువేమీ లేదు. చాలా రకాల జెల్లు, చివరికి లాలాజలం కూడా కణాల కదలికను దెబ్బతీస్తాయి. జెల్ తప్పనిసరైతే గర్భం కోసం ప్రయత్నించేవాళ్లకని ప్రత్యేకంగా తయారైనవి వాడాలి.

నాలుగో అడుగు: నెలసరి ఏం చెబుతోందో వినండి

21 నుంచి 35 రోజుల మధ్య, నెలనెలా ఇంచుమించు ఒకే వ్యవధిలో నెలసరి వస్తుంటే అండం విడుదలవుతోందని చాలావరకూ నమ్మొచ్చు. నిర్ధారణ కావాలంటే తర్వాతి నెలసరికి వారం ముందు, అండం విడుదలయ్యాక పెరిగే ప్రొజెస్టెరాన్ హార్మోన్ పరీక్ష చేస్తారు. 21వ రోజు చేయించమని రాసేది దీన్నే. అయితే 35 రోజుల నెలసరి ఉన్నవాళ్లు 28వ రోజున చేయించుకోవాలి, లేకపోతే అండం విడుదలైనా కాలేదని రిపోర్టు వస్తుంది.

నెలసరి తప్పుతుంటే మొదట అనుమానించేది పీసీఓఎస్. పిల్లలు కనే వయసు స్త్రీలలో 8 నుంచి 13 శాతం మందికి ఇది ఉంటుందని ఒక అంచనా. చాలామందికి ఉన్నట్టే తెలియదు. స్కాన్‌లో కనిపించే నీటి బుడగలు నిజానికి ఎదగకుండా మధ్యలో ఆగిపోయిన చిన్న చిన్న అండం సంచులు. వాటిని కరిగించే మందంటూ ఎవరైనా అమ్మితే నమ్మకండి. చాలామందిలో వెనకున్న సమస్య ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం. శరీరం ఎక్కువ ఇన్సులిన్ తయారుచేస్తుంది, అది అండాశయాల్లో పురుష హార్మోన్లను పెంచుతుంది, అండం ఎదుగుదల ఆగిపోతుంది. జీవనశైలి మార్పు బాగా ఫలించే చోటు ఇదే. బరువు ఎక్కువున్నవాళ్లు 5 నుంచి 10 శాతం తగ్గినా, అంటే 80 కిలోలున్న మనిషి 4 నుంచి 8 కిలోలు తగ్గినా, చాలామందిలో అండం విడుదల మళ్లీ మొదలవుతుంది. మొదలవకపోతే అండం విడుదల చేయించే లెట్రోజోల్ లాంటి మాత్రలున్నాయి, నేరుగా ఐవీఎఫ్ దాకా వెళ్లక్కర్లేదు.

థైరాయిడ్ తక్కువగా పనిచేస్తే, పాలు తయారుచేయించే ప్రొలాక్టిన్ హార్మోన్ కూడా పెరిగి నెలసరి గాడి తప్పొచ్చు. పిల్లలు లేకుండానే రొమ్ముల నుంచి పాలలాంటి ద్రవం వస్తుంటే ప్రొలాక్టిన్ పరీక్ష తప్పనిసరి. రెండూ మామూలు రక్త పరీక్షతో బయటపడి, మాత్రలతో అదుపులోకి వచ్చేవే.

ఎండోమెట్రియోసిస్ సంగతి వేరు. గర్భాశయం లోపలి పొరలాంటి కణజాలం బయట పెరిగే ఈ జబ్బు పిల్లలు కనే వయసు స్త్రీలలో సుమారు 10 శాతం మందికి ఉంటుంది. నెలసరి నొప్పి మామూలేనని సర్దిచెప్పుకుంటూ ఏళ్లు గడిపేస్తారు. నొప్పి రోజువారీ పనిని ఆపేస్తుంటే, కలయికప్పుడు లోపల బాగా నొప్పి పెడుతుంటే అది మామూలు నొప్పి కాదు. దీన్ని అలవాట్లతో నయం చేసుకోవచ్చని చెప్పేవాళ్ల దగ్గర టైమ్ పోగొట్టుకోవద్దు.

ఏఎంహెచ్ పరీక్ష గురించి కూడా ఇక్కడే చెప్పాలి. అది అండాల నిల్వ సుమారుగా ఎంతుందో చెబుతుంది, నాణ్యత చెప్పదు. ఐవీఎఫ్ ఇంజెక్షన్లకు ఎన్ని అండాలు రావచ్చో అంచనా వేయడానికి పనికొస్తుంది. నిల్వ తక్కువని వచ్చినంతమాత్రాన సహజంగా గర్భం రాదని కాదు. ఇప్పటిదాకా సంతానలేమి లేని, 30 నుంచి 44 ఏళ్ల స్త్రీలపై అమెరికాలో జరిగి 2017లో ప్రచురితమైన అధ్యయనంలో ఏఎంహెచ్ తక్కువున్నవాళ్లకూ మిగతావాళ్లకూ సహజ గర్భధారణలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

ఐదో అడుగు: బరువు, కానీ గడువు పెట్టుకుని

బరువు ఇద్దరినీ దెబ్బతీస్తుంది. మగవాళ్లలో కొవ్వు కణజాలం టెస్టోస్టెరాన్‌ని ఈస్ట్రోజెన్‌గా మారుస్తుంది. తొడల మధ్య వేడి పెరుగుతుంది, గురకతో నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడే సమస్య తోడవుతుంది. స్త్రీలలో అండం విడుదల తప్పుతుంది. గర్భం వచ్చాక కూడా గర్భస్రావం, షుగర్, బీపీ ముప్పులు ఎక్కువే.

మరీ సన్నగా ఉండటమూ అంతే చేటు. బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు లెక్క) 18.5 కంటే తక్కువున్నా, తినేదానికంటే వ్యాయామం చాలా ఎక్కువైనా, గర్భానికి తగిన శక్తి శరీరంలో లేదని మెదడు గ్రహించి నెలసరినే ఆపేస్తుంది. వీళ్లకు మందుల కంటే ముందు కావాల్సింది తిండి, విశ్రాంతి.

బరువు తగ్గాలన్న సలహాకు గడువు ఉండాలి. నెదర్లాండ్స్‌లో బరువు ఎక్కువున్న 577 మంది సంతానలేమి స్త్రీలపై జరిగిన అధ్యయనం 2016లో వెలువడింది. ఒక వర్గం ఆరు నెలలు బరువు తగ్గే కార్యక్రమంలో చేరి ఆ తర్వాత చికిత్సకు వెళ్లారు. రెండో వర్గం నేరుగా చికిత్స మొదలుపెట్టారు. రెండేళ్లు గడిచాక చూస్తే మొదటి వర్గానికి సహజంగా వచ్చిన గర్భాలు ఎక్కువ, కానీ నెలలు నిండి సహజ కాన్పుతో ఆరోగ్యంగా పుట్టిన బిడ్డల లెక్కలో రెండో వర్గమే ముందుంది. నేను దీన్ని ఇలా అర్థం చేసుకుంటాను: 28 ఏళ్ల, నెలసరి తప్పుతున్న మనిషి ఆరు నెలలు బరువుపై పెట్టడం మంచి పని. 38 ఏళ్ల మనిషిని ముందు 15 కిలోలు తగ్గి రమ్మని పంపేయడం అన్యాయం. ఆమెకు పరీక్షలు, చికిత్స, బరువు అన్నీ పక్కపక్కనే నడవాలి. నెలకు పది కిలోలు తగ్గించే కఠిన డైట్లు వద్దు, అవే నెలసరిని ఆపేయగలవు.

ఆరో అడుగు: పొగ, మందు

పొగ విషయంలో బేరాల్లేవు. సిగరెట్టు అండాలను ముందే హరిస్తుంది, పొగతాగే స్త్రీలకు మెనోపాజ్ (నెలసరి పూర్తిగా ఆగిపోవడం) ఒకటి నుంచి నాలుగేళ్లు ముందు వస్తుంది. గర్భస్రావం, ట్యూబులో గర్భం ముప్పు పెరుగుతుంది. మగవాళ్లలో కణాల సంఖ్య, కదలిక తగ్గుతాయి, కణాల్లోని డీఎన్ఏ దెబ్బతింటుంది, రక్తనాళాలు పాడై అంగస్తంభన కూడా బలహీనపడుతుంది. భర్త బాల్కనీలో తాగినా భార్యకు ఆ పొగ ఎంతో కొంత చేరుతుంది. నమిలే పొగాకు కూడా ఇదే ఖాతాలోది. గంజాయి కణాల సంఖ్యను తగ్గించొచ్చు.

మద్యం మోతాదును బట్టి ఉంటుంది. ఎక్కువ తాగే మగవాళ్లలో టెస్టోస్టెరాన్ తగ్గుతుంది, కాలేయం దెబ్బతింటే ఈస్ట్రోజెన్ కూడా పెరుగుతుంది. గర్భంలో ఉన్న బిడ్డకు సురక్షితమైన మద్యం మోతాదంటూ లేదు. గర్భం వచ్చిందని తెలిసేసరికే కొన్ని వారాలు గడిచిపోతాయి కాబట్టి భార్య ప్రయత్నం మొదలైన రోజు నుంచే మానేయడం సురక్షితం. కాఫీ, టీ మానక్కర్లేదు. కెఫీన్ రోజుకు 200 మిల్లీగ్రాములు దాటకుండా, అంటే ఒకటి రెండు కప్పుల్లో ఆగితే చాలు.

ఏడో అడుగు: మగవాళ్ల చిట్టా

ఒక వీర్యకణం తయారుకావడానికి సుమారు రెండున్నర నెలలు, బయటికొచ్చే దారిలో పరిణతికి ఇంకో రెండు వారాల లోపు పడుతుంది. ఇవాళ్టి రిపోర్టు మూడు నెలల కిందటి అలవాట్లదన్నమాట. సిగరెట్టు మానేసి పదిహేను రోజులకే మళ్లీ పరీక్ష చేయించి తేడా లేదని నిరాశపడొద్దు.

అన్నిటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న: జిమ్‌లో గానీ, నీరసానికని గానీ టెస్టోస్టెరాన్, స్టెరాయిడ్ ఇంజెక్షన్లు వాడుతున్నారా? కండలు పెరిగి మనిషి దృఢంగా కనిపిస్తాడు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. బయటి నుంచి హార్మోన్ వచ్చేసరికి మెదడు తన సంకేతాలు ఆపేస్తుంది, వృషణాలు కణాల తయారీ మానేస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇవే టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లను మగవాళ్ల గర్భనిరోధకంగా పరీక్షించి 1990లో, 1996లో ఫలితాలు వెల్లడించింది. అంత బలంగా పనిచేస్తాయవి. ఆపేశాక చాలామందిలో కణాలు తిరిగి వస్తాయి, కానీ నెలలు, కొందరికి ఏడాది పైనే పడుతుంది. టెస్టోస్టెరాన్ తక్కువుందని రిపోర్టు వస్తే, పిల్లలు కావాలనుకుంటున్న సంగతి చెప్పకుండా ఆ ఇంజెక్షన్ వేయించుకోవద్దు. కణాల తయారీని ఆపకుండా హార్మోన్ పెంచే వేరే మందులున్నాయి.

తర్వాత వేడి. వృషణాలు ఒంటి వేడి కంటే 2 నుంచి 4 డిగ్రీల సెల్సియస్ చల్లగా ఉండాలి, శరీరం బయట వేలాడుతుండటానికి కారణం అదే. వేడినీటి తొట్టి స్నానాలు, ఆవిరి స్నానాలు మానేయండి. ల్యాప్‌టాప్ ఒళ్లో కాకుండా బల్లపై పెట్టుకోండి. కొలిమి, బట్టీ, పెద్ద పొయ్యిల దగ్గర పనిచేసేవాళ్లు, గంటల తరబడి వాహనం నడిపేవాళ్లు మధ్యమధ్య లేచి చల్లని చోటికి వెళ్లాలి. లోదుస్తుల సంగతి ఉబుసుపోక మాటలా వినిపిస్తుంది గానీ, 656 మంది మగవాళ్లపై జరిగి 2018లో వెలువడిన అమెరికా అధ్యయనంలో వదులు లోదుస్తులు వేసుకునేవాళ్లలో కణాల సాంద్రత 25 శాతం ఎక్కువగా కనిపించింది. ఖర్చులేని మార్పు, చేసి చూడొచ్చు.

పనిచేసే చోట రసాయనాలు కూడా చూడాలి. 1977లో కాలిఫోర్నియాలో ఒక పురుగుమందుల కర్మాగారం కార్మికులు తమలో చాలామందికి పిల్లలు పుట్టడం లేదని గమనించి పరీక్షలు చేయించుకుంటే, డీబీసీపీ అనే మందు వాళ్ల వీర్యకణాలను తుడిచిపెట్టిందని తేలింది. సీసం, కొన్ని ద్రావకాలు, పురుగుమందులతో పనిచేసేవాళ్లు చేతి తొడుగులు, మాస్కు వాడాలి. పని బట్టలు ఇంటి బట్టలతో కలపకూడదు, ఎందుకంటే ముప్పు భార్యకూ ఉంటుంది.

వెరికోసీల్ అంటే వృషణాల సంచిలో రక్తనాళాలు ఉబ్బడం. మామూలు మగవాళ్లలో సుమారు 15 శాతం మందికి, సంతానలేమి ఉన్నవాళ్లలో 35 నుంచి 40 శాతం మందికి ఉంటుంది. చేతికి తగిలేంత పెద్దదై, వీర్య పరీక్ష కూడా తేడాగా ఉంటేనే ఆపరేషన్ ఆలోచించాలి. స్కాన్‌లో మాత్రమే కనిపించే చిన్నదానికి కత్తి అక్కర్లేదు.

ఎనిమిదో అడుగు: పాత జబ్బులు, వాడుతున్న మందులు

షుగర్ అదుపు తప్పితే మగవాళ్లలో అంగస్తంభన తగ్గొచ్చు, నరాలు దెబ్బతిని వీర్యం వెనక్కి మూత్రాశయంలోకి పోవచ్చు. స్త్రీలు గర్భానికి ముందే, రెండు మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 6.5 శాతం దగ్గరికి తెచ్చుకుంటే బిడ్డలో అవయవ లోపాల ముప్పు తగ్గుతుంది.

క్లమీడియా, గనేరియా లాంటి లైంగిక వ్యాధులు ఏ లక్షణమూ లేకుండానే ట్యూబులను పాడుచేయగలవు. జననాంగాలకు సోకే క్షయ కూడా అంతే. ఇన్ఫెక్షన్ మందులతో పోతుంది కానీ ట్యూబులో పడిన మచ్చ పోదు. అందుకే పాత ఇన్ఫెక్షన్ సంగతి దాచకుండా డాక్టర్‌కి చెప్పాలి, చికిత్స ఇద్దరూ కలిసి తీసుకోవాలి.

వాడుతున్న మాత్రలన్నీ ఒక కాగితంపై రాసి చూపించండి. పేగుల వాపుకిచ్చే సల్ఫాసలజీన్ వీర్యకణాలను తగ్గిస్తుంది, మందు మారిస్తే కోలుకుంటాయి. డిప్రెషన్‌కి వాడే కొన్ని మాత్రలు స్ఖలనాన్ని ఆలస్యం చేస్తాయి. మానసిక సమస్యలకు, వాంతులకు ఇచ్చే కొన్ని మందులు ప్రొలాక్టిన్ పెంచుతాయి. స్త్రీలలో మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్, మొటిమలకు వాడే ఐసోట్రెటినాయిన్, కీళ్లజబ్బుకి వాడే మెథోట్రెక్సేట్, కొన్ని బీపీ మందులు గర్భంలో బిడ్డకు హాని చేస్తాయి కాబట్టి ముందే మార్పించుకోవాలి. ఏదీ సొంతంగా ఆపేయొద్దు. మూర్ఛ మందు ఒక్కసారిగా మానితే ప్రాణం మీదికొస్తుంది.

తొమ్మిదో అడుగు: తిండి, మాత్రలు

సంతానం కోసం ప్రత్యేక ఆహారమంటూ లేదు. కూరగాయలు, పళ్లు, పప్పులు, పొట్టుతీయని ధాన్యాలు, గింజలు, తినేవాళ్లకు చేపలు ఎక్కువగా, తీపి పానీయాలు, వేయించిన ప్యాకెట్ తిళ్లు తక్కువగా ఉంటే అదే మంచి తిండి. తప్పనిసరి మాత్ర ఒక్కటే, అది భార్యకు. రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్, గర్భానికి కనీసం నెల ముందు మొదలుపెట్టి మూడో నెల నిండేదాకా. ఇది గర్భం తెప్పించదు, బిడ్డ వెన్నుపాము లోపాలను అడ్డుకుంటుంది. షుగర్, మూర్ఛ మందులు, అలాంటి లోపంతో గతంలో బిడ్డ పుట్టిన చరిత్ర ఉన్నవాళ్లకు డాక్టర్ ఎక్కువ మోతాదు రాస్తారు. మాంసాహారం అసలు తినని వాళ్లు బీ12 చూపించుకోవాలి.

మగవాళ్ల శక్తి మాత్రల డబ్బాలపై మాత్రం నాకు నమ్మకం లేదు. జింక్, ఫోలిక్ యాసిడ్ కలిపి ఇచ్చి అమెరికాలో 2,370 జంటలపై జరిపిన పెద్ద అధ్యయనం 2020లో వచ్చింది. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకూ వీళ్లకూ పిల్లలు పుట్టడంలోనూ, వీర్యం నాణ్యతలోనూ తేడా రాలేదు. కడుపులో ఇబ్బందులు మాత్రం మాత్రలు వేసుకున్నవాళ్లకే ఎక్కువ. లోపం ఉందని రక్త పరీక్షలో తేలితే దాన్ని సరిచేసుకోవాలి, అంతే. పేరు తెలియని పొడులు, భస్మాలు వద్దు. కొన్నింట్లో సీసం, పాదరసం, ఇంకొన్నింట్లో చెప్పకుండా కలిపిన స్టెరాయిడ్లు బయటపడ్డాయి.

పదో అడుగు: టెన్షన్

టెన్షన్ వదిలేయండి, పిల్లలు వాళ్లే పుడతారు అనేది అన్నిటికంటే చౌకగా దొరికే సలహా, వినేవాళ్లకు అన్నిటికంటే భారం. చికిత్స మొదలయ్యే ముందు ఆందోళన, దిగులు ఎంతున్నాయన్నదానికీ ఐవీఎఫ్ ఫలితానికీ సంబంధం ఉందా అని 14 అధ్యయనాల్లోని 3,583 మంది స్త్రీల వివరాలు కలిపి చూసిన విశ్లేషణ 2011లో వచ్చింది. సంబంధం కనబడలేదు. ఏడిస్తే గర్భం పోతుందని ఆమెను భయపెట్టాల్సిన పని లేదు.

టెన్షన్ అడ్డదారిలో మాత్రం దెబ్బకొడుతుంది. నిద్ర చెడుతుంది, సిగరెట్లు పెరుగుతాయి, దంపతుల మధ్య దూరం పెరుగుతుంది. ఇవాళే కలవాలి అన్న ఒత్తిడితో అంగస్తంభన రాకపోవడం చాలా మామూలు సంగతి. రోజుల లెక్క ఒకరి దగ్గరే ఉంచుకుని, వారంలో రెండు మూడుసార్లు కలిసేలా చూసుకుంటే ఆ ఒక్క రాత్రి పరీక్షలా మారదు. ఇంటికొచ్చినవాళ్లు విశేషమేమైనా ఉందా అని అడిగితే ఏం చెప్పాలో ఇద్దరూ ముందే అనుకుని ఒకే మాట చెప్పండి. దిగులు వారాల తరబడి తగ్గకపోతే కౌన్సెలర్‌ని కలవాలి. అది గర్భం కోసం కాదు, మీ కోసం.

పదకొండో అడుగు: డాక్టర్ దగ్గరికి ఇద్దరూ వెళ్లండి

మొదటి అడుగులో చెప్పిన గడువు పూర్తయితే, మార్పులు ఇంకా ఫలించలేదని ఆగకుండా వెళ్లిపోవాలి. ఆరు నెలల నెలసరి తేదీలు, పాత రిపోర్టులు, మందుల కాగితం, గతంలో అయిన ఆపరేషన్లు, గర్భస్రావాల వివరాలు తీసుకెళ్లండి. మామూలుగా వీర్య పరీక్ష, అండం విడుదల పరీక్ష, థైరాయిడ్, గర్భాశయం స్కాన్, ట్యూబులు తెరిచి ఉన్నాయో లేదో చూసే హెచ్‌ఎస్‌జీ ఎక్స్‌రేతో మొదటి చిత్రం వచ్చేస్తుంది. ఇవేవీ చూడకుండా మొదటి రోజే ఐవీఎఫ్ ప్యాకేజీ ముందు పెడితే, మా ఇద్దరిలో కారణం ఏమిటి, ఐవీఎఫ్ కంటే చిన్న చికిత్స ఎందుకు సరిపోదు, మా వయసులో ఒక ప్రయత్నానికి బిడ్డ చేతికొచ్చే అవకాశం ఎంత అని అడగండి. గర్భం వచ్చే శాతం వేరు, బిడ్డ పుట్టే శాతం వేరు. మీరు అడగాల్సింది రెండోది.

అన్ని పరీక్షలూ మామూలుగానే ఉండే జంటలు కూడా తక్కువేం కాదు. భార్య వయసు చిన్నదైతే అలవాట్లు సరిచేసుకుంటూ ఇంకొంత కాలం ప్రయత్నించడానికి అందులో వీలుంది, 35 దాటితే అంత వీలు లేదు. ఇద్దరిలో ఎవరికైనా కీమోథెరపీ, రేడియేషన్ మొదలుకాబోతుంటే మాత్రం ఈ వరుస ఏదీ చూడొద్దు. చికిత్స మొదటి డోసుకు ముందే వీర్యం గానీ, అండాలు గానీ భద్రపరచడం గురించి క్యాన్సర్ డాక్టర్‌ని అడగండి.